సాలార్‌జంగ్ దేన్ని సంస్కరించాడు? – తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు బహిరంగ లేఖ

తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అధ్యక్షులకు, సభ్యులకు, కమిషన్ పక్షాన చరిత్ర పాఠ్యప్రణాళికను రూపొందించే ఆచార్యులకు,

గ్రూప్ పరీక్షల చరిత్ర పాఠ్యప్రణాళికలో సాలార్‌జంగ్ సంస్కరణలకు, వాటి ప్రభావానికి పేరు పెట్టి చోటిచ్చిన కమిషన్, ఆ సంస్కరణలు తప్పనిసరి అయ్యేంతగా హైదరాబాదు రాజ్యం అప్పులపాలైన నాలుగు దశాబ్దాలకు గానీ, ఆ కాలమంతా రాజ్యాన్ని తన చేతిమీదుగా నడిపిన మహారాజా చందూలాల్‌కు గానీ పేరు పెట్టి ఒక్క పంక్తి కూడా కేటాయించలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల చదువరులు ఈ నిర్ణయాన్ని అంగీకరించలేరు. మందు పేరు, వైద్యుడి పేరు కంఠస్థం చేసి జబ్బు పేరు తెలియకుండానే పరీక్ష గట్టెక్కే ఏర్పాటు ఇది. ఆ పరీక్ష గట్టెక్కినవారే రేపు నాయబ్ తహసీల్దార్లుగా, డిప్యూటీ కలెక్టర్లుగా రైతు భూమి రికార్డును చేతిలోకి తీసుకుంటారు కనుక, ఈ లోపాన్ని పండితుల మధ్య తేలవలసిన చర్చగా పక్కన పెట్టడానికి వీలులేదు.

‘నిజాం–బ్రిటిష్ సంబంధాలు’ అనే శీర్షిక కింద ఆ కాలం కూడా వస్తుందని కమిషన్ సమాధానం చెప్పవచ్చు. ఆ శీర్షిక కింద అభ్యర్థి చదివేది సాధారణంగా సైన్య సహకార ఒప్పందం, 1800లో దత్తమండలాలను కంపెనీకి వదులుకోవడం, ఆ తరువాత 1853లో బేరారును అప్పగించడం. ఈ రెండు తేదీల మధ్యనున్న అర్ధశతాబ్దంలో రాజ్యం ఎందుకు అప్పుపడింది, ఎవరికి అప్పుపడింది, ఆ అప్పును ఎవరు మోశారు అన్న ప్రశ్నలకు ఆ శీర్షికలో జవాబు ఉందా? పేరు పెట్టి అడగని విషయాన్ని పోటీ పరీక్షకు చదివే యువకుడు తీరిక చేసుకుని చదువుతాడని కమిషన్ నిజంగా నమ్ముతున్నదా?

చందూలాల్ పదవి పేరు పేష్కారు. పేష్కారు అంటే దివానుకు, అనగా ప్రధానమంత్రికి, లోబడి పత్రాలను సమర్పించి లెక్కలు చూసే ఉపమంత్రి వంటి అధికారి. 1806లో ఆ పదవిలోకి వచ్చిన చందూలాల్, 1808 చివర దివాను మీర్ ఆలం మరణించిన తరువాత, రాజ్యంలో అందరికంటె బలవంతుడయ్యాడు. మీర్ ఆలం అల్లుడు మునీరుల్‌ముల్క్ 1809లో దివాను అయినా, పాలన వ్యవహారాల్లో కలుగజేసుకోకూడదన్న కట్టుబాటుతోనే అయ్యాడు. ఆ కట్టుబాటు వెనుక ఉన్నది ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అనగా హైదరాబాదులోని రెసిడెంటు. ఆ విధంగా 1832లో మునీరుల్‌ముల్క్ మరణించేవరకు దివాను ఒకరు, దివానుగిరీ చేసేది మరొకరు. ఆ తరువాత 1843 వరకు పేరూ పనీ రెండూ చందూలాల్‌వే. సికందర్ జా, నాసిరుద్దౌలా అనే ఇద్దరు నిజాముల కాలంలో, ముప్పయి ఏళ్లకు పైగా, ఈ రాజ్యపు తాళంచెవులు ఒకే మనిషి మొలలో ఉన్నాయి.

ఇటువంటి అధికారానికి రాజనీతి శాస్త్రంలో ఒక పేరుంది. 19వ శతాబ్దపు అమెరికా నగరాలలో ఉన్నత పదవిలో తాను కూర్చోకుండా, ఉద్యోగాలనూ గుత్తలనూ దానాలనూ పంచిపెట్టి, ఆ పంపకం వల్ల కట్టుబడినవారి బలంతో ప్రభుత్వాన్ని నడిపే నాయకుణ్ణి ‘బాస్’ అన్నారు. వారిలో అందరికంటె ప్రసిద్ధుడు న్యూయార్కుకు చెందిన విలియం ట్వీడ్ (1823–1878). కుర్చీలు చేసే కుటుంబంలో పుట్టి, అగ్నిమాపక స్వచ్ఛంద దళం ద్వారా పేరు తెచ్చుకుని, టామనీ హాల్ అనే డెమోక్రాటిక్ పార్టీ సంఘానికి అధిపతి అయిన ట్వీడ్ ఏనాడూ ఆ నగరానికి మేయరు కాలేదు. మేయరు ఓకీ హాల్ అతని మనిషి. నగరపు లెక్కలు చూసే అధికారీ, కోశాధికారీ ఆ ముఠాలోనివారే. రెండున్నర లక్షల డాలర్లతో అనుకున్న న్యాయస్థాన భవనం కోటి డాలర్లు దాటింది. గోడలకు పూత పూసిన మేస్త్రీ పేరిటా, తివాసీల పేరిటా ఎక్కువ వేసిన బిల్లులలో పెద్ద వాటా మళ్లీ ముఠాకే చేరింది. అదే ట్వీడ్ 1870 చలికాలంలో తన వార్డు పేదలకు యాభై వేల డాలర్లు పంచాడు. పేదలు అతణ్ణి ప్రేమించారు, ఆ ప్రేమ అబద్ధమూ కాదు.

అయితే 1871 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ బిల్లుల పద్దులను అచ్చువేసింది. థామస్ నాస్ట్ గీసిన వ్యంగ్యచిత్రాలు చదువురానివారికి కూడా సంగతి చెప్పాయి. 1873లో శిక్షపడి, 1875లో కాపలా తప్పించుకుని స్పెయిన్‌దాకా పారిపోయిన ట్వీడ్, మరుసటి ఏడాది అక్కడ పట్టుబడి, చివరికి 1878 ఏప్రిల్ 12న జైలులోనే మరణించాడు. దొంగ బిల్లులతో కట్టిన ఆ భవనాన్ని నేటికీ ట్వీడ్ కోర్టుహౌస్ అనే పిలుస్తారు. 2002 నుంచి ఆ నగరపు విద్యాశాఖ కార్యాలయం ఉన్నది అందులోనే. ట్వీడ్‌ను మరీ ఎక్కువగా దుష్టుణ్ణి చేశారని, అతని పాపంలో వాటా ఉన్న పెద్దమనుషులు తప్పించుకున్నారని 1977లో లియో హెర్ష్‌కోవిట్జ్ అనే చరిత్రకారుడు ఒక పుస్తకమే రాశాడు. పద్దులు అందరి ముందూ ఉన్నందువల్లనే అక్కడ అటువంటి వాదం సాధ్యమైంది. చందూలాల్ విషయంలో వాదించడానికైనా మన అభ్యర్థికి కమిషన్ ఏ పద్దును చూపించింది?

చందూలాల్ పద్దు గుత్తతో మొదలవుతుంది. చెరువు చేపలకూ, చింతచెట్లకూ, తైబజారుకూ నేటికీ గుత్త అనే మాటనే వాడే ఈ మూడు జిల్లాలవారికి ఆ పద్ధతిని వివరించనక్కరలేదు. అయితే అప్పట్లో గుత్తకు పోయింది ప్రజల మీద పన్ను వసూలు చేసే అధికారం. దివానీ భూములను, అనగా జాగీర్లకూ సంస్థానాలకూ చెందక నేరుగా ప్రభుత్వం కింద ఉన్న భూములను, తాలూకాల వారీగా తాలూకాదారులకు అప్పగించేవారు. తాలూకాదారు ముందుగా నజరానా చెల్లించాలి, ఏటి శిస్తులో కొంత భాగాన్ని బయానాగా కట్టాలి. అంత డబ్బు తన దగ్గర ఉండదు కనుక సాహుకారు దగ్గర వడ్డీకి తెస్తాడు. తాను నగరంలోనే ఉండి ఊళ్ల మీదికి నాయబును పంపుతాడు. నాయబు వెంట జీతం బాకీపడిన అరబ్బు, రోహిల్లా సిపాయిలు వస్తారు. వారు కళ్లం దగ్గర కూర్చుంటే పటేలు, పట్వారీ కలిసి రైతు పేర ఎంత రాస్తే అంతా చెల్లాలి. ఈలోగా నగరంలో మరొకడు ఎక్కువ నజరానాతో వస్తే పాత తాలూకాదారును తీసివేస్తారు. కొత్తవాడు అదే పంట మీద మళ్లీ వసూలుకు దిగుతాడు.

ఈ ఏర్పాటులో ఒక్క ఏడాదికి మించి ముందుచూపు ఉండవలసిన అవసరం ఎవరికైనా ఉందా? వానలు తక్కువైన ఎర్రనేలల పాలమూరులో వ్యవసాయానికి ఆధారం చెరువు. చెరువు కట్ట తెగితే పూడ్చడానికి, తూము పాడైతే బాగుచేయడానికి ఈ ఏడు పెట్టిన ఖర్చు మూడేళ్ల తరువాత గానీ ఫలితమివ్వదు. వచ్చే ఏడు తానుంటాడో ఉండడో తెలియని తాలూకాదారు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? విత్తనపు గింజలు కూడా మిగలని రైతు ఊరు విడిచి పోక ఏం చేస్తాడు? 1820 చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ రాజ్యంలో తిరిగి చూసి, వసూళ్ల ఒత్తిడికి పాడుబడిన ఊళ్ల గురించి తన ప్రభుత్వానికి రాసింది ఈ స్థితినే. మెట్కాఫ్ తన ప్రభుత్వపు ప్రయోజనాన్ని మరచినవాడు కాడు. అయినా ఆయన 1821 నుంచి ఆంగ్లేయ అధికారులను జిల్లాలకు పంపి, గ్రామాల వారీగా కొన్నేళ్లకు శిస్తు స్థిరపరచి, దానికి మించి వసూలు చేస్తే రైతు ఫిర్యాదు చెప్పుకునే వీలు కల్పించాడు. 1829లో నాసిరుద్దౌలా గద్దెనెక్కగానే ఆ ఏర్పాటు రద్దయింది. చందూలాల్ గుత్తలు మళ్లీ నిరాటంకంగా సాగాయి.

ఆ మరుసటి ఏడాదే ఒక తెలుగువాడు ఈ దారిన నడిచాడన్న సంగతి కమిషన్ గమనించదగినది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, కృష్ణ దాటి పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో కొల్లాపురం, వనపర్తి సంస్థానాల మధ్య కలహాలు, వాటి వల్ల ఊళ్లకు కలిగిన బాధ, ఆయుధాలు ధరించినవారు యథేచ్ఛగా తిరిగే రాజధాని కనబడతాయి. గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపురం) సంస్థానాలు నిజాముకు పేష్‌కష్, అనగా కప్పం, చెల్లించి లోపలి పాలనను తామే చూసుకునేవి. కనుక అక్కడి రైతు మీద తాలూకాదారు నేరుగా పడకపోవచ్చు. అయినా పై ప్రభుత్వం శాంతిని కాపాడే పనిని వదిలి వసూలు పని ఒక్కదాన్నే పట్టుకున్నప్పుడు, కింది ప్రభువులు ఒకరి ఊళ్ల మీద ఒకరు పడకుండా ఆపేదెవరు? తెలుగులో తొలి యాత్రాగ్రంథాలలో ఒకటిగా ఆ పుస్తకం పేరు ఎందరికో తెలుసు. అందులో తమ ఊరే ఉన్నదని, ఆ ఊరి దుఃఖానికి హైదరాబాదులోని ఒక కచేరీతో సంబంధమున్నదని పానగల్లు విద్యార్థికి చెప్పే బాధ్యత ఎవరిది?

వసూలైన సొమ్ము పోయిన దారి ఇంకా ముఖ్యం. రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో, 1813 ప్రాంతంలో, ఆంగ్లేయ అధికారుల కింద ఏర్పడిన రస్సెల్ బ్రిగేడ్ క్రమంగా హైదరాబాదు కంటింజెంటుగా పెరిగింది. సైన్య సహకార ఒప్పందం ప్రకారం ఉన్న సైన్యానికి ఇది అదనం. దాని ఖర్చు ఏటా నలభై లక్షల రూపాయల దాకా వెళ్లింది. నిజాం సొంత సిపాయిల జీతాలు నెలల తరబడి నిలిచిపోయినా, కంటింజెంటు జీతాలు నిలవకూడదు. అవి నిలిస్తే పేష్కారు కుర్చీ నిలవదు. ఆ జీతాల కోసం చందూలాల్ ఆశ్రయించినది విలియం పామర్ అండ్ కంపెనీ అనే హైదరాబాదు బ్యాంకును. కంపెనీ సైన్యాధికారికీ ముస్లిం స్త్రీకీ పుట్టిన విలియం పామర్ దాని స్థాపకుడు. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన యువతిని పెళ్లాడిన విలియం రంబోల్డ్ అందులో భాగస్వామి. స్వదేశీ రాజులకు ఆంగ్లేయులు అప్పులివ్వరాదన్న చట్టం నుంచి ఆ సంస్థకు 1816లో గవర్నర్ జనరల్ మినహాయింపునిచ్చాడు. వడ్డీ నూటికి 24, 25 దాకా పోయింది.

1820లో అరవై లక్షల రూపాయల కొత్త అప్పుకు అనుమతి కోరినప్పుడు చెప్పిన కారణాలలో రైతులకు సాగు కోసం ముందస్తు సొమ్ము ఇవ్వడం ఒకటి. మెట్కాఫ్ లెక్కలు విప్పించి చూడగా, అది చాలా వరకు పాత బాకీనే కొత్త పద్దుగా రాసినదని, ఎనిమిది లక్షలు బోనస్ పేర సంస్థకే చేరాయని తేలింది. రైతు పేరు చెప్పి తెచ్చిన అప్పులో రైతుకు చేరినది లేదు. ఆ అప్పును రైతే తీర్చాలి. రెండు శతాబ్దాల కిందటి ఈ పద్దును చదవకుండా, రైతు పేరిట మంజూరయ్యే ప్రతి సొమ్మునూ పంపిణీ చేయవలసిన అధికారి తయారుకావడం కమిషన్‌కు సమ్మతమేనా?

ఆ అప్పు తీరిన తీరు తెలుగువారందరికీ సంబంధించినది. ఉత్తర సర్కార్లు, అనగా గుంటూరు నుంచి శ్రీకాకుళం వైపు వరకు ఉన్న తీరాంధ్ర మండలాలు, నిజాం నుంచి కంపెనీకి దక్కినందుకు ప్రతిఫలంగా కంపెనీ ఏటా ఏడు లక్షల పేష్‌కష్ చెల్లిస్తూ ఉండేది. 1823లో ఆ శాశ్వత ఆదాయాన్ని 1,16,66,666 రూపాయల ఒక్క మొత్తానికి రద్దుచేసుకుని, ఆ సొమ్ముతో పామర్ సంస్థ బాకీని తీర్చారు. పెద్దలు ఏర్పరచిన ఏడు లక్షల ఏటి రాబడి వడ్డీ వ్యాపారి పద్దులో కలిసిపోయింది. మరుసటి ఏడాదే ఆ సంస్థ దివాలా తీసింది. అయినా కంటింజెంటు ఖర్చు ఆగలేదు, అప్పు మళ్లీ పెరిగింది. చందూలాల్ వెళ్లిన పదేళ్లకు, 1853లో, ఆ బాకీ కిందనే బేరారుతో పాటు గద్వాల సీమను ఆనుకుని ఉన్న రాయచూరు దోఆబ్ కూడా కంపెనీ చేతికి పోయింది; దోఆబ్ 1860లో తిరిగి వచ్చింది. గద్వాల రైతు పశువులతో సంతకు వెళ్లే సీమలో పాలకుడు ఏడేళ్లపాటు మారిపోయాడు. 1800 నుంచి 1853కు దూకే పాఠం ఈ సంగతులలో దేన్ని చెప్పగలదు?

ఇదంతా చందూలాల్‌ను ముద్దాయిగా నిలబెట్టాలన్న కోరికతో రాసినది కాదు. ఆయన ఉర్దూ, పారసీక భాషలలో ‘షాదాన్’ పేరిట కవిత్వం చెప్పినవాడు, ఢిల్లీ కవి షా నసీర్ వంటివారికి ఆశ్రయమిచ్చినవాడు, మతభేదం లేకుండా పేదలకూ ఫకీర్లకూ గుళ్లకూ దానం చేసినవాడు. నగరం ఆయనను ఆ దానగుణంతోనే తలచుకుంటుంది, అందులో తప్పులేదు. ఆయన పేరున్న చందూలాల్ బారాదరి అనే ప్రాంతం హైదరాబాదులో ఇంకా ఉంది. రెసిడెన్సీ కోరిన సైన్యాన్ని పోషించకపోతే ఆయన స్థానంలో మరొకరు వచ్చి అదే పని చేసేవారన్న వాదానికి బలం ఉంది. పేష్కారును నిలబెట్టి, పేష్కారు చేత ఖర్చుపెట్టించి, చివరికి ఆ ఖర్చునే చూపించి రాజ్యపు భూములను తీసుకున్నది కంపెనీ. ఆ దోషంలో పెద్ద వాటా దానిదే. అయినా దానం చేసిన చేయి, గుత్తకిచ్చిన చేయి ఒక్కటే అయినప్పుడు, ఆ రెంటినీ కలిపి చూపని చరిత్ర రైతుకు అన్యాయం చేస్తుంది. నగరంలో కవికి అందిన బహుమానపు పళ్లెం నింపినది నాగర్‌కర్నూలు చేనులోని జొన్న అయినప్పుడు, ఆ జొన్న పండించినవాడికి పాఠంలో ఒక వాక్యం దక్కకూడదా?

1843 సెప్టెంబరులో, అప్పు పుట్టే దారులన్నీ మూసుకుపోయాక, చందూలాల్ పదవి వదులుకున్నాడు. నెలకు ముప్పయి వేల రూపాయల పింఛను ఏర్పాటైంది. 1845 ఏప్రిల్‌లో మరణించాడు. న్యూయార్కులో జరిగినట్లు ఇక్కడ విచారణ లేదు, పద్దులను అచ్చువేసిన పత్రిక లేదు, రైతుకు అర్థమయ్యేలా బొమ్మ గీసిన చిత్రకారుడు లేడు. పామర్ వ్యవహారంపై లండనులో కాగితాలు అచ్చయ్యాయంటే అది కంపెనీ వాటాదారుల గొడవ వల్ల. పాలమూరు రైతు కోసం కాదు.

పదేళ్ల తరువాత, ఇరవై నాలుగేళ్ల వయసులో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ముందున్నది ఈ శిథిలమే. గుత్త తాలూకాదార్లను ఒక్కొక్కరినే తొలగించి, జీతం మీద పనిచేసే అధికారులను నియమించి, 1865లో జిలాబందీ, అనగా రాజ్యాన్ని జిల్లాలుగా విభజించే ఏర్పాటు, తెచ్చాడు. నాగర్‌కర్నూలు పేరు జిల్లా పేరుగా మొదట వినబడినది ఆ ఏర్పాటులోనే. అప్పటివరకు గుత్తదారు అన్న అర్థంలో చెల్లిన ‘తాలూకాదారు’ అనే మాట, ఆ తరువాత నేటి కలెక్టరుకు సమానమైన అధికారికి పేరయింది. ఒకే మాట ఈ దరి నుంచి ఆ దరికి దాటడంలోనే ఆ సంస్కరణ సారమంతా ఉంది. మాట పాత అర్థం తెలియని అభ్యర్థి, కొత్త అర్థాన్ని నాలుగు మార్కుల జవాబుగా రాసి వస్తాడు.

జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, వెట్టి, భగేలా వంటి విషయాలను పేరు పెట్టి ప్రణాళికలో చేర్చినందుకు కమిషన్‌ను మెచ్చుకోవలసిందే; అవి లేకుండా తెలంగాణ చరిత్ర లేదు. అయితే ఊళ్లోని దొర వసూలు చేయడానికి బలం ఎక్కడినుంచి వచ్చిందో, రాజధానిలోని లెక్కల గదికీ ఊరి కచేరీకీ మధ్య తాడు ఎవరు పేనారో చెప్పకపోతే, వెట్టి ఒక దొర దుర్మార్గంగా మాత్రమే కనబడుతుంది. అది వ్యవస్థగా కనబడాలంటే 1809 నుంచి 1853 వరకు జరిగిన కథ కావాలి.

కమిషన్ ముందున్న కోరిక చిన్నది. రాబోయే నోటిఫికేషన్లతో ప్రకటించే ప్రణాళికలో సాలార్‌జంగ్ సంస్కరణలకు ముందు ‘చందూలాల్ పాలన, శిస్తు గుత్తలు, పామర్ సంస్థ అప్పులు’ అనే పంక్తిని చేర్చాలి. ఆ పంక్తి పడితే పుస్తకాలు రాసేవారు రాస్తారు, బోధించేవారు బోధిస్తారు. తెలంగాణలో చరిత్ర పుస్తకాల మార్కెట్టు కమిషన్ అడిగే ప్రశ్నను అనుసరించి నడుస్తుందని కమిషన్‌కు తెలియనిది కాదు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో కోట్ల సంఖ్యలో ఉన్న పారసీక, ఉర్దూ పత్రాలలో ఈ కాలానికి, ఈ మూడు జిల్లాలకు చెందినవాటిని తెలుగులోకి తెప్పించమని ప్రభుత్వానికి సిఫారసు చేయడం కూడా కమిషన్ నియమించే ఆచార్యులకు తగిన పనే. గద్వాల కోటనూ వనపర్తి భవనాన్నీ చూసి గర్వపడే పిల్లలకు, ఆ కోటల చుట్టూ ఉన్న ఊళ్లు ఏ ఏడు ఎంత కట్టాయో, ఏ ఏడు ఎన్ని కుటుంబాలు వెళ్లిపోయాయో చూపగల కాగితం అక్కడ ఉంటే, అది బీరువాలో ఎందుకుండాలి?

వచ్చే పరీక్షలో జిల్లా గ్రంథాలయం నుంచి వచ్చిన ఏ అభ్యర్థి అయినా ‘సాలార్‌జంగ్ చేసిన సంస్కరణలను వివరించుము’ అన్న ప్రశ్నను చదివి, వాటికి ముందు రైతు ఎవరికి, ఎందుకు, ఎన్నిసార్లు శిస్తు కట్టవలసి వచ్చిందో రాస్తే, ఆ జవాబుకు మార్కులు వేయడానికి కమిషన్ మూల్యాంకన పత్రంలో చోటుందా అన్నది ఈ మూడు జిల్లాలు అడుగుతున్న ప్రశ్న. దీనికి జవాబును కమిషన్ తన తదుపరి ప్రణాళికలోనే ఇవ్వాలని కోరిక.

ఇట్లు,
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల చరిత్ర పాఠకుల పక్షాన